నాలుగింటి బంతి

జూన్ 2. ఆలస్యం 5.5 సెకన్లు

బల్లల శాఖ వాళ్ళు మరమ్మతు పుస్తకం రోజూ రాయమంటారు. ఏ ఇంటికి వెళ్ళావు, ఏం తుడిచావు, ఏం మార్చావు, అంతవరకే. పద్దెనిమిదేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. అందుకే నాకు తోచిందల్లా ఇందులో రాసేస్తాను. ఇంటికెళ్తే మాట్లాడడానికి మనిషి లేదు, కనీసం ఈ పుస్తకమైనా ఎదురు చెప్పదు.

ఈ రోజు ఆరు బల్లలు. మెరక కాలనీలో పిన్‌బాల్ బల్లలకు ఉప్పుగాలే శత్రువు. బంతికి తుప్పు చుక్కలు లేస్తాయి, ఆ చుక్కలు బల్లను గీస్తాయి, గీతల్లో మురికి చేరుతుంది. అయిదు ఇళ్ళవీ దగ్గర బల్లలు, అంటే ఇంట్లోవాళ్ళు ఇంట్లోనే ఆడుకునేవి. అద్దం తీసి, పాత పంచె గుడ్డతో తుడిచి, పగిలిన రబ్బరు చుట్లు మార్చి, మైనం పట్టించి, కొత్త బంతి వేసి వచ్చేశాను.

ఆరోది దూరపు బల్ల, పన్నెండో వరసలో దాట్ల పేరంరాజుగారిది. ఆయన భార్య హైమావతిగారు ఏడేళ్ళు చంద్రుడి మీద నీటి ట్యాంకుల దగ్గర పని చేశారు. మొన్న మే నెలాఖరున వాటిలో ఒక ట్యాంకును ఓడకు కట్టి ఇంకా అవతలికి లాక్కుపోవడం మొదలుపెట్టారు. ఆవిడా దానితోపాటే వెళ్తున్నారు. మళ్ళీ రావడానికి తొమ్మిదేళ్ళట.

దూరపు బల్లలో స్ప్రింగు పిడి లాగి బంతిని వదిలేది ఇంట్లో మనిషి. బంతి కిందికి దొర్లి వచ్చినప్పుడు రెక్కలతో దాన్ని పైకి కొట్టేది దూరాన ఉన్న మనిషి. బంతి ఎక్కడుందో ఆవిడ తెర మీద కనబడాలి, ఆవిడ మీట నొక్కితే ఇక్కడ రెక్క లేవాలి. ఆ రానుపోను సమయాన్నే ఆలస్యం అంటాం. చంద్రుడి మీద ఉన్నన్నాళ్ళూ అది రెండున్నర సెకన్లు. ఇప్పుడు రోజుకు అర సెకను పైనే పెరుగుతోంది. ఆవిడ చెయ్యి ఇక్కడికి చేరేదాకా బంతి కిందికి రాకుండా ఉండాలి. అంటే బంతిని నెమ్మదింపజెయ్యాలి, రోజురోజుకీ.

"ముప్పై సెకన్లు దాటితే ఈ రెక్కలు ఆడించే చేతి లైను తీసేస్తామన్నారండి. అప్పటిదాకా ఆడేట్టు చెయ్యండి మార్తమ్మగారూ, మీ పుణ్యముంటుంది" అన్నారు రాజుగారు.

లెక్క వేసి చూశాను. జూలై పన్నెండు వరకు వస్తుంది.

"తర్వాత ఉత్తరాలుంటాయిగా. మాట పంపుకోడానికి దూరం అడ్డేంటి?" అన్నాను.

ఆయన బల్ల అద్దం మీద లేని మరకను వేలితో రుద్దారు. "మాకు మాటల్లేవండి. ఏడేళ్ళయింది. నాలుగింటికి ఇదొక్కటే."

నేను గుడ్డ తీసి అద్దం ఎత్తబోయాను. ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. దూరపు బల్ల తుడవకూడదని ఈ కాలనీలో ఒక పిచ్చి పట్టింపు. మురికి బల్ల మీద బంతి నెమ్మదిగా పోతుంది, దూరాన ఉన్నవాళ్ళ చేతికి అందుతుంది, కాబట్టి తుడిస్తే వాళ్ళు దూరమవుతారని. తుడుపుగుడ్డతో బతికే దానికి ఈ మాట ఎలా ఉంటుందో చెప్పాలా? నోరు మూసుకుని, వాలు తగ్గేలా వెనక కాళ్ళ మరలు రెండు చుట్లు దించి వచ్చేశాను.

జూన్ 6. ఆలస్యం 8 సెకన్లు

కబురు వస్తే పరుగెత్తాను. బంతి బల్ల మధ్యలో ఆగిపోయిందట.

ఆగదూ మరి? వాలు బాగా ఉన్నప్పుడు మురికి బంతిని నెమ్మదింపజేస్తుంది. వాలు తగ్గిస్తే అదే మురికి బంతిని ఆపేస్తుంది. రాజుగారు రెండు చేతులూ బల్ల అంచున ఆనించి నిలబడి ఉన్నారు. కింద రెక్కలు ఠప్ ఠప్ మని ఖాళీగా కొట్టుకుంటున్నాయి. ఆవిడ రాని బంతి కోసం కొడుతున్నారు. చూడలేకపోయాను.

"రాజుగారూ, ఇంకా నెమ్మది కావాలంటే బల్ల దాదాపు నేలంత చదునుగా ఉండాలి. చదునుగా ఉన్న బల్ల మీద ఒక్క వెంట్రుకున్నా బంతి కదలదు. తుడవాల్సిందే."

"తుడిస్తే జారిపోద్దండి."

"ఏది? బంతా, అమ్మగారా?"

నోరు జారాను. ఆయన మొహం చూశాక నాలుక కరుచుకున్నాను గానీ అన్నమాట వెనక్కి రాదు. ఆయన బల్ల అంచు వదిలి, "సోమవారం రండి" అన్నారు.

జూన్ 9. ఆలస్యం 9.8 సెకన్లు

తుడిచాను. ఏడేళ్ళ మురికి. రాజుగారు చూడలేనంటూ వీధి అరుగు మీద కూర్చున్నారు.

అద్దం తీశాను. బల్లను లేపి కర్రతో నిలబెట్టి, అడుగున తీగల మీది దుమ్మును మెత్తటి కుంచెతో దులిపాను. పైన చచ్చిన చిమ్మెట ఒకటి, ఆవగింజ ఒకటి, రెక్కల చుట్టూ కాటుక లాంటి నల్లటి పొడి. రబ్బరు చుట్లు బిస్కెట్లలా విరిగాయి. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో రెండుసార్లు తుడిచి, మైనం పట్టించి, గోరువెచ్చగా అయ్యేదాకా రుద్దాను. మురికి కింద నీలం రంగు బల్ల, దాని మీద వెండి చుక్కలు. ఇంత అందమైన బల్ల ఇది అని ఆయనకే తెలియదేమో.

తర్వాత రసమట్టం పెట్టి కాళ్ళు సరిచేశాను. నీటి బుడగ మధ్యకు వచ్చేదాకా దించి, మళ్ళీ వెంట్రుకవాసి పైకి తిప్పాను. బంతి వదిలితే కిందికి రావడానికి పదకొండు సెకన్లు. పని మీద నాకు నేనే మురిసిపోయిన రోజులు తక్కువ, ఈ రోజు అందులో ఒకటి.

రేడియోలో నాలుగు గంటల కూత వినబడింది. ఆఖరి కూత మీద రాజుగారు పిడి లాగారు. సగందాకా లాగి, ఒక్క క్షణం ఆపి, ఇంకాస్త లాగి వదిలారు. బంతి పైకెక్కి, ఒళ్ళు బరువైన మనిషిలా తీరిగ్గా దొర్లుతూ వచ్చింది. ఎడమ రెక్క లేచింది. కొట్టింది.

"హమ్మయ్య" అన్నారాయన. నాతో కాదు. నేను సామాను సర్దుకుని వచ్చేశాను.

జూన్ 17. ఆలస్యం 14.6 సెకన్లు

వాలు ఇంక తగ్గించడానికి లేదు. బంతికి పదిహేను సెకన్లు పడుతోంది, అదే ఆఖరు. ఇంకో ఉపాయం వెతకాలి.

ఈ రోజు నేను వెళ్ళేసరికి రాజుగారు జ్వరంతో మంచం దిగలేని స్థితిలో ఉన్నారు. లేవబోయి గోడ పట్టుకున్నారు. "పడుకోండి, నేను లాగుతాలెండి. పిడి లాగడానికి రాచపుట్టుక పుట్టాలా ఏంటి?" అన్నాను. ఆయన నవ్వి కళ్ళు మూసుకున్నారు.

నాలుగు గంటల ఆఖరి కూత మీదే లాగాను. బంతి చక్కగా పైకెళ్ళి, చక్కగా కిందికి వచ్చింది. రెక్కలు లేవలేదు. బంతి సందులో పడిపోయింది. లైను తెగిందేమోనని చూస్తే లైను పెట్టె మీది ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. రెండో బంతి లాగాను, రెక్కలు లేవలేదు. మూడోదీ అంతే.

అప్పుడర్థమైంది. అవతల ఆవిడ ఉన్నారు, చూస్తున్నారు. బంతి ఎక్కిన తీరు చూసి, ఇది ఆయన చెయ్యి కాదని తెలుసుకుని, మీట మీది నుంచి చేతులు తీసేశారు.

పుస్తకంలో రాయడానికి సిగ్గెందుకు? నాకు ఏడుపొచ్చింది. యాభై నాలుగేళ్ళు వచ్చాయి. ఇన్ని ఇళ్ళలో ఇన్ని బల్లలు తుడిచాను. నా చెయ్యి ఇదీ అని గుర్తుపట్టే మనిషి భూమ్మీద లేదు, చంద్రుడి మీదా లేదు.

జూన్ 18. ఆలస్యం 15.2 సెకన్లు

రాజుగారికి జ్వరం జారింది. నిన్నటి సంగతి చెప్పాను. మూడు బంతులూ ఊరికే పడిపోయాయని చెబితే ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఏదో పొద్దుపోక ఆడుకుంటుందనుకున్నానండి. ఎవరు లాగినా ఒకటే అనుకున్నాను."

"కాదండి. ఆవిడ ఆడేది బల్లతో కాదు, మీతో."

ఆయన దుప్పటి పక్కకు నెట్టారు. తర్వాత ఆయనే చెప్పారు. ఏడేళ్ళ కిందట చంద్రుడికి వెళ్ళే ఓడలో ఇద్దరికీ సీట్లు వచ్చాయి. ఇద్దరూ సామాను ఎక్కించారు. తలుపు దగ్గర ఆయనకు గుండె దడ మొదలైంది. మంచినీళ్ళ సీసా మర్చిపోయాను, నువ్వెక్కు, వెనకాలే వస్తాను అని చెప్పి దిగారు. మంచినీళ్ళ దుకాణం దాకా వెళ్ళి, సీసా చేతిలో పట్టుకుని, తలుపు మూసేదాకా అక్కడే నిలబడ్డారు.

"తర్వాత ఏమని రాయనండి? దాహమేసిందని రాయనా?"

నాకు నిజంగా కోపం వచ్చింది. "భయమేసిందని రాయొచ్చుగా!"

"రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకున్నాను. ఏడేళ్ళయిపోయింది. ఆవిడా రాయలేదు. నాలుగింటికి మాత్రం రెక్కలాడేవి."

జూన్ 26. ఆలస్యం 20 సెకన్లు

వారం రోజులు బంతి ఆవిడకు అందలేదు. రాజుగారు రోజూ కూత మీద లాగుతున్నారు, ఆవిడ రోజూ కొడుతున్నారు, రెక్క లేచేసరికి బంతి వెళ్ళిపోయి ఉంటోంది.

ఉపాయం దొరికింది. ఆముదం. బల్ల అంచులు మైనంతో, రబ్బరుతో మూసేసి, అద్దం కింద వేలెత్తు ఆముదం పోస్తే బంతి అందులో మునిగి దొర్లుతుంది. ఈ మాట చెప్పగానే రాజుగారు అప్పుడే ఆముదం తాగినట్టు మొహం పెట్టారు. నేను పద్దెనిమిదేళ్ళుగా బల్లల మీది జిడ్డు తుడుస్తున్నాను, ఇప్పుడు నా చేతులతో నేనే డబ్బాడు జిడ్డు పోశాను. శాఖవాళ్ళు ఈ పుస్తకం చదివితే నా ఉద్యోగం పోతుంది. చదవరు కాబట్టి రాస్తున్నాను.

మూడు రోజులు పట్టింది. తీగలకు రబ్బరు తొడుగులు వేశాను. పిడికి గట్టి స్ప్రింగు వేశాను, లేకపోతే ఆముదంలో బంతి పైకెక్కదు. కాళ్ళు మళ్ళీ కాస్త ఎత్తాను. మొదటిరోజు రెండు చోట్ల కారింది. రాజుగారు చాప మీద చాప పరిచి, కింద పళ్ళెం పెట్టి, "ఇంటికి మంత్రసాని వచ్చినట్టు ఒకటే ఆముదం వాసనండి" అని నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడడం అది రెండోసారి.

ఈ రోజు నాలుగింటికి బంతి ఆముదంలో దిగి రావడానికి ఇరవై రెండు సెకన్లు పట్టింది. రెక్క మెల్లగా, నీళ్ళలో తెడ్డు వేసినట్టు లేచి బంతిని పైకి తోసింది.

జూలై 5. ఆలస్యం 25.4 సెకన్లు

రోజూ వెళ్తున్నాను. మిగతా ఇళ్ళవాళ్ళు మా బల్ల ఎప్పుడు చూస్తావని తిడుతున్నారు. వాలు కొద్దికొద్దిగా సర్దుతూ ఇరవై ఏడు సెకన్ల దాకా లాక్కొచ్చాను. ఇప్పటికి ఆవిడ చెయ్యి అందుతోంది.

రాజుగారికి ఒకటే చెబుతున్నాను, లైను తీసేసేలోపు ఒక్క ముక్క పంపమని. ఆయన తల ఊపుతారు. ఊపి, బల్ల తుడవడానికి గుడ్డ అందిస్తారు.

"పంపాక జవాబు రాకపోతేనో?" అన్నారు ఈ రోజు. "ఇప్పుడైతే రోజూ వస్తోందిగా."

నేను ఆ గుడ్డతోనే అద్దం తుడిచి వచ్చేశాను.

జూలై 11. ఆలస్యం 29 సెకన్లు

ఎండలు మళ్ళీ ముదిరాయి. వేడికి ఆముదం పలచబడింది. బంతి ఇరవై ఆరు సెకన్లకే దిగిపోతోంది. తడి గోనెలు కప్పాను, పంకా పెట్టాను, వాలు తగ్గిస్తే బంతి అసలు కదలడం లేదు. మూడు రోజులుగా ఆవిడ రెక్క ఆలస్యంగా లేస్తోంది. ఈ రోజు మూడు సెకన్లు తేడా. బంతి పడిపోయాక, రెక్క లేచి ఉత్త ఆముదాన్ని తోసింది.

రేపే ఆఖరు. నా చేతిలో ఇంకేం లేదని రాజుగారితో చెప్పేశాను. ఓడిపోయానని ఒప్పుకోవడం నాకు చేతకాదు, అయినా చెప్పాను.

జూలై 12. ఆలస్యం 29.6 సెకన్లు

ఈ రోజు పిలవకుండానే వెళ్ళాను. రాజుగారు ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నారు. అద్దం తుడిచాను. ఇంక చెయ్యడానికి పని లేక మళ్ళీ తుడిచాను.

కూత మీద ఆయన పిడి లాగారు, ఎప్పటిలాగే సగందాకా లాగి, ఆగి, ఇంకాస్త లాగి వదిలారు. నేను గడియారం పట్టుకుని పైకే లెక్కపెడుతున్నాను. పది. పదిహేను. బంతి ఆముదంలో దిగుతోంది. ఇరవై. ఇరవై అయిదు. ఇరవై ఆరు. రెక్క లేచింది. సరిగ్గా బంతి కిందికి లేచి, దాన్ని పైకి తోసింది.

"అందిందండీ! అందింది!" అని రాజుగారు అరిచారు.

 గడియారం చూశాను, లైను పెట్టె మీది అంకె చూశాను, ఇరవై తొమ్మిది పాయింట్ ఆరు. మళ్ళీ గడియారం చూశాను.

"రాజుగారూ, అలా కూర్చోండి. ఇది వినండి. మీరు లాగారని ఆవిడకు తెలియడానికి పదిహేను సెకన్లు పడుద్ది. ఆవిడ నొక్కింది ఇక్కడికి రావడానికి ఇంకో పదిహేను. బంతిని చూసి నొక్కితే ముప్పైకి గానీ రెక్క లేవకూడదు."

"మరి?"

"ఇరవై ఆరుకే లేచింది. మీ బంతి ఇంకా ఆవిడకు కనబడకముందే నొక్కేశారు. మీరు కూత మీద లాగుతారని, ఇలాగే లాగుతారని నమ్మి, చూడకుండా కొట్టారు."

ఆయన కుర్చీ వెతుక్కోలేదు, నేల మీదే కూలబడ్డారు. బంతి మళ్ళీ మెల్లగా కిందికి వచ్చింది. ఈసారి రెక్క ఆలస్యమైంది, బంతి పడిపోయింది. ఆయన రెండో బంతి లాగలేదు. నాలుగూ పదికి లైను పెట్టె మీది ఆకుపచ్చ దీపం ఆరిపోయింది.

జూలై 13

ఆముదం తోడడానికి వెళ్ళాను. బంతి తీసి తుడిచి పెట్టాను, రెక్కల సందుల్లో గుడ్డ దూర్చి జిడ్డంతా తీశాను. రాజుగారు పక్కనే నిలబడి చూస్తున్నారు. నాలుగు గంటల కూత వినబడగానే ఆయన చెయ్యి పిడి మీదికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"వెనకాలే వస్తానంటే నమ్మి ఓడెక్కిందండి. నేను మోసం చేశాను. నిన్న మళ్ళీ నమ్మింది. ఎలా నమ్మిందండి?"

"అది నన్నడిగితే ఏం తెలుస్తుంది? ఆవిడనే అడగండి."

ఆయన మూలన ఏడేళ్ళుగా ముట్టని మాట పంపే పెట్టె ముందు కూర్చున్నారు. మీట నొక్కలేకపోతుంటే నేనే నొక్కాను.

"హైమా" అన్నారు. అని ఆగారు.  "హైమా, నాకు ఆ రోజు భయమేసింది. దాహం కాదు. భయమేసి దిగిపోయాను. నీకు చెప్పలేకపోయాను. అంతే."

మీట వదిలాను. అలవాటు కొద్దీ గడియారం చూడడం మొదలుపెట్టాను. పది. ఇరవై. ఆయన రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, చిన్నపిల్లాడు పరీక్ష ఫలితం కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. ముప్పై. అక్కడికి పోయి రావడానికే ముప్పై అయిపోయింది. ఇంక లెక్కపెట్టకూడదనుకున్నాను.

ముప్పై మూడో సెకనుకు పెట్టె గరగరమంది. ఆడగొంతు. ఏడేళ్ళలో ఆ ఇంట్లో వినబడిన ఆవిడ మొదటి మాట అది.

"తెలుసులెండి. ఆ, ఇంకా చెప్పండి."

ఆయన పెట్టె మీదికి వంగారు. భుజాలు కదులుతున్నాయి. నేను ఆముదం డబ్బా ఎత్తుకుని, చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను. వీధిలోకి వచ్చాక కళ్ళు తుడుచుకున్నాను. సంతోషమూ ఉంది, అసూయా ఉంది, దాచడమెందుకు. ఇంకా చెప్పండి అని నాతో ఎవరూ అనరు. పన్నెండో వరస బల్ల శుభ్రం చేయడమైనది, వేరే ఫిర్యాదు లేదు.